కాముని పున్నమి మరునాటి కత్తుల పండుగ

మూడు శతాబ్దాల కిందట శివాలిక్ కొండల దిగువన ఒక గురువు ప్రారంభించిన యుద్ధక్రీడ గోదావరి తీరాన నేటికీ సాగుతున్నది. కత్తి పట్టడం కంటె దాన్ని ఒరలో పెట్టడమే ఆ క్రీడ నేర్పే కఠినమైన పాఠం.

ఫాల్గుణ పూర్ణిమ గడిచింది. తెలంగాణ పల్లెలలో కాముని మంటలు చల్లారాయి. పిల్లలు చల్లుకున్న రంగులు గోడల మీద, గుమ్మాల మీద ఇంకా వెలిసిపోలేదు. సరిగ్గా ఆ మరునాడు గోదావరి ఒడ్డున ఉన్న నాందేడ్ పట్టణంలో తఖ్త్ సచ్‌ఖండ్ శ్రీ హజూర్ సాహిబ్ నుంచి ఒక ఊరేగింపు బయలుదేరుతుంది. ముందు నిశాన్ సాహిబ్ అనే పవిత్ర ధ్వజం. దాని వెంట జీనులతో, అలంకరణలతో మెరిసే గుర్రాలు. వాటి మీద రౌతులు ఉండరు. గురు గోవింద్ సింగ్ స్వారీ చేసిన అశ్వాల సంతతిగా భావించి, గురుద్వారా అశ్వశాలలో భక్తితో పెంచే ఆ గుర్రాలను ఎవ్వరూ ఎక్కరు. వాటి వెనుక నీలి, కాషాయ తలపాగాలు ధరించి వేలాది జనం నడుస్తారు.

ఊరేగింపు ఒక కూడలి వద్ద ఆగుతుంది. పెద్దలు 'అర్దాస్' అనే సామూహిక ప్రార్థన చేస్తారు. అంతటి జనసమూహం ఆ కాసేపూ నిశ్శబ్దమైపోతుంది. ప్రార్థన ముగియగానే ఒరలలోని కత్తులు పైకి లేస్తాయి. జయఘోష మిన్నంటుతుంది. ఎదురుగా శత్రుసైన్యం నిలిచి ఉన్నట్లు, దాని మీద విరుచుకుపడుతున్నట్లు వృద్ధులూ యువకులూ ఒక్కుమ్మడిగా పరుగు తీస్తారు. నిజానికి ఎదుట ఉన్నది ఖాళీ వీధి మాత్రమే.

నాందేడ్‌లో దీన్ని 'హల్లా' అంటారు. సిక్కు ప్రపంచమంతటా ఈ పండుగకు ఉన్న పేరు హోలా మొహల్లా. చూడవచ్చిన వారికి ఇది కన్నుల పండువ. కాని కాస్త ఆలోచించే వారికి ఒక సందేహం కలగక మానదు: ఇరుకైన పట్టణవీధిలో ఇన్ని కత్తులు ఒకేసారి ఒర విడిచిన తర్వాత సాయంత్రానికి అవన్నీ ఎవరికీ గాయం చేయకుండా తిరిగి ఒరలలోకి ఎలా చేరుతున్నాయి? ఈ పండుగ చరిత్ర అంతా ఆ ప్రశ్నకు సమాధానమే అనవచ్చు.

హోళీ నుంచి హోలాకు

పండుగ పుట్టినిల్లు పంజాబులోని ఆనందపూర్ సాహిబ్. సట్లెజ్ నదికి చేరువలో, శివాలిక్ కొండల పాదాల వద్ద ఉన్న ఆ పట్టణంలో పదవ గురువు గురు గోవింద్ సింగ్ 1699లో ఖాల్సాను స్థాపించాడు. ఆ తర్వాత రెండేళ్ళు తిరగకముందే, 1701లో, హోలా మొహల్లాకు అంకురార్పణ చేశాడని ఎక్కువ మంది పండితుల అభిప్రాయం. ఉత్తరాది పంచాంగంలో నెల పూర్ణిమతో ముగుస్తుంది గనుక ఆ రోజు చైత్రమాసపు తొలి తిథి అవుతుంది. మన లెక్కలో అదే ఫాల్గుణ బహుళ పాడ్యమి.

పేరులోనే పండుగ స్వభావం ఉన్నది. పంజాబీలో 'హోళీ' స్త్రీలింగం, 'హోలా' దానికి పుంలింగరూపం. 'మొహల్లా' అనేది అరబీ మూలం నుంచి వచ్చిన మాట. మనకు అది పేట, వీధి అనే అర్థంలో పరిచితమే గాని, ఆనాటి సైనిక పరిభాషలో సైన్యం విడిదిచేసే చోటును, బారులు తీరి సాగే దళాన్ని, దాని దాడిని కూడా సూచించేది. రంగులు చల్లుకొని, ఆడిపాడే సమయంలో గురువు తన శిష్యులను గుర్రాలెక్కించి, ఆయుధాలు పట్టించి, మైదానంలో నిలబెట్టాడు.

ఆనందపూర్ చుట్టూ ఆయన కట్టించిన కోటలలో ఒకటి హోల్‌గఢ్. దాని సమీపాన చరణ్ గంగ అనే వాగు ప్రవహిస్తుంది. సంప్రదాయం చెప్పే ప్రకారం గురువు తన వారిని రెండు దళాలుగా విభజించేవాడు. ఒక దళం కోటనో దిబ్బనో ఆక్రమించి కాపాడాలి. మరొక దళం దాన్ని ముట్టడించాలి. వ్యూహం, వేగం, క్రమశిక్షణ అన్నీ నిజమైన యుద్ధంలో వలెనే ఉండాలి. గురువు తానే న్యాయనిర్ణేతగా నిలిచి చూసి, గెలిచిన దళానికి గౌరవవస్త్రాలు బహూకరించేవాడు. ఆ పిమ్మట రెండు దళాలూ ఒకే పంక్తిలో కూర్చొని భోజనం చేసేవి.

ఆనాటి పరిస్థితులలో ఇది వినోదం కోసం ఏర్పడిన ఆట కాదు. 1700 నుంచి 1704 వరకు ఆనందపూర్ మీద పొరుగున ఉన్న కొండరాజుల దాడులు, వారికి తోడుగా మొగలు సేనల దాడులు జరుగుతూనే ఉన్నాయి. గురువు తండ్రి గురు తేగ్ బహాదుర్‌కు 1675లో ఢిల్లీలో ఔరంగజేబు ప్రభుత్వం మరణశిక్ష అమలుచేసింది. అంతకు పూర్వం 1606లో అయిదవ గురువు గురు అర్జున్ లాహోరులో ప్రాణాలు అర్పించాడు. ఆ దుఃఖం నుంచే ఆరవ గురువు గురు హర్‌గోవింద్ రెండు కత్తులు ధరించే సంప్రదాయం పుట్టింది. 'మీరీ' అనే ఖడ్గం లౌకికాధికారానికి, 'పీరీ' అనే ఖడ్గం ఆధ్యాత్మికాధికారానికి చిహ్నాలు. ఈ రెంటిలో ఏ ఒక్కటీ రెండవది లేకుండా నిలవరాదని దాని భావం. సాధువు, సిపాయి ఒకే మనిషిలో ఉండాలని సిక్కులు చెప్పే ఆదర్శానికి మూలం అదే.

ఆయుధం ఎవరి చేతికి?

ఖాల్సా ఆవిర్భవించిన నాడు గురువు పిలుపునకు తల ఇవ్వడానికి లేచి నిలబడిన అయిదుగురిని 'పంజ్ ప్యారే' అంటారు. వారెవరో తెలుసుకుంటే హోలా మొహల్లాలోని సామాజికార్థం బోధపడుతుంది. లాహోరుకు చెందిన దయాసింగ్ ఖత్రీ. హస్తినాపురానికి చెందిన ధరంసింగ్ వ్యవసాయదారుడు. జగన్నాథపురికి చెందిన హిమ్మత్‌సింగ్ నీళ్ళు మోసే వృత్తిలో పుట్టినవాడు. ద్వారకకు చెందిన మొహకంసింగ్ బట్టలమీద అద్దకం వేసే వర్గం వాడు. అయిదవవాడు సాహెబ్‌సింగ్ క్షురకవృత్తిలో జన్మించినవాడు, దక్కనులోని బీదర్ నివాసి. తరువాతి కాలంలో నిజాం హైదరాబాదు సంస్థానంలో భాగంగా ఉన్న బీదరే అది. అంటే సిక్కు వీరసంప్రదాయపు తొలి పంక్తిలోనే మన దక్కనీ మనిషి ఒకడు ఉన్నాడన్నమాట.

తరతరాలుగా కత్తి పట్టడం తమ పని కాదని అనుకున్న చేతులు ఇవి. మంగలి చేతికి, నీళ్ళు మోసే వాని చేతికి రాజపుత్రుని కత్తిని ఇచ్చి, పేరు చివర 'సింగ్' అని చేర్చినంత మాత్రాన సైనికుడు తయారు కాడు. అభ్యాసం కావాలి. భయం పోవాలి. అంతకంటె ముఖ్యంగా, కొత్తగా చేతికి వచ్చిన బలాన్ని ఎక్కడ ఆపాలో తెలియాలి. ఏటేటా జరిగే యుద్ధక్రీడ ఈ మూడింటినీ నేర్పింది. ప్రత్యర్థి తన తోటి శిష్యుడే గనుక దెబ్బ కొట్టడం ఎంత నేర్చుకోవాలో, తగలకముందే ఆపడం అంతగానూ నేర్చుకోవాలి.

ఇదే కాలానికి చెందిన భాయి కన్హయ్య కథను సిక్కు కుటుంబాలలో పిల్లలకు తప్పక చెబుతారు. ఆనందపూర్ పోరాటాలలో అతడు తోలుతిత్తి భుజాన వేసుకొని, గాయపడిన వారందరికీ నీళ్ళు పోసేవాడట. శత్రుసైనికులకు కూడా పోస్తున్నాడని కొందరు గురువుకు ఫిర్యాదు చేశారు. గురువు పిలిచి అడిగితే, తనకు ఆ ముఖాలలో మిత్రుడూ శత్రువూ కనబడడం లేదని అతడు బదులు చెప్పాడు. గురువు కోపించలేదు సరికదా, గాయాలకు పూయమని మందు కూడా ఇచ్చి పంపాడని ఐతిహ్యం. ఒకే శిబిరంలో ఇటు యుద్ధవిద్య, అటు ఈ కరుణ కలిసి పెరిగాయి. సిక్కులు తరచు వాడే 'దేగ్', 'తేగ్' అనే జంటపదాలలో మొదటిది వంటగుండిగ, రెండవది ఖడ్గం. గుండిగదే ముందు స్థానం.

నీలి దుస్తుల సైనికులు

నేటి ఆనందపూర్‌లో ఈ ఉత్సవం కీరత్‌పూర్ సాహిబ్‌లో మూడు రోజులు, ఆనందపూర్‌లో మూడు రోజులు సాగుతుంది. లక్షలాదిగా జనం వస్తారు. దారి పొడుగునా గ్రామాలవారు గోధుమలు, పప్పులు, పాలు తెచ్చి లంగర్లు నడుపుతారు. కులమత భేదం లేకుండా అందరినీ నేలమీద ఒకే వరుసలో కూర్చోబెట్టి అన్నం పెట్టే ఏర్పాటే లంగరు. చివరి రోజున తఖ్త్ కేశ్‌గఢ్ సాహిబ్ పెద్దల ఆశీస్సులతో ఊరేగింపు కోటలను చుట్టి, చరణ్ గంగ మైదానం చేరుతుంది.

ఆ మైదానంలో అందరి కళ్ళూ నిహంగుల మీదనే ఉంటాయి. ముదురునీలి అంగీలు, శిఖరంలా పైకి చుట్టిన తలపాగాలు, వాటి చుట్టూ ఉక్కు చక్రాలు, నడుమున కృపాణం, చేత బల్లెం. 'నిహంగ్' అనే ఫారసీ మాటకు మొసలి అని అర్థం. నీటిలో మొసలికి ఉన్న పట్టు యుద్ధంలో వీరికి ఉన్నదని ఆ పేరు వచ్చిందని ఒక వివరణ. సంగం లేనివాడు అనే సంస్కృతార్థాన్ని చెప్పేవారూ ఉన్నారు. 18వ శతాబ్దంలో నవాబ్ కపూర్‌సింగ్ సిక్కు యోధులను వృద్ధుల దళంగా, యువకుల దళంగా ఏర్పరచాడు. ఆ పేర్లను నిలుపుకొన్న బుడ్ఢా దళ్, తరణా దళ్ నిహంగుల సంఘాలు ఈ రోజుకూ ఉన్నాయి. రంజిత్ సింగ్ సైన్యంలో పోరాడి 1823లో నౌషేరా యుద్ధరంగంలో నేలకొరిగిన అకాలీ ఫూలాసింగ్ వీరి ఆరాధ్యవీరుడు.

జీను లేని గుర్రం మీద దౌడు తీయడం, పక్కపక్కన పరుగెత్తే రెండు గుర్రాల వీపులమీద చెరొక కాలు మోపి నిలబడడం, పరుగులోనే వంగి నేలలో నాటిన మేకును ఈటెతో పెకలించడం వంటివి వారి విద్యలు. ఇవన్నీ చూసి ప్రేక్షకుడు ఆశ్చర్యపోతాడు. ఆ గుర్రాన్ని ఏడాది పొడవునా మేపి, మాలిష్ చేసి, మచ్చిక చేసుకున్న శ్రమ మాత్రం అతనికి కనబడదు.

గోదావరి గట్టుకు

శివాలిక్ కొండల పండుగ దక్కను పీఠభూమికి ఎలా వచ్చింది? 1704 శీతకాలంలో సుదీర్ఘమైన ముట్టడి అనంతరం గురు గోవింద్ సింగ్ ఆనందపూర్‌ను విడిచిపెట్టవలసి వచ్చింది. ఆ దినాలలోనే ఆయన నలుగురు కుమారులూ మరణించారు. పెద్దవారిద్దరు చమ్‌కౌర్ యుద్ధంలో, చిన్నవారిద్దరు సర్‌హింద్‌లో పాలకుని ఆజ్ఞవల్ల. 1707లో ఔరంగజేబు మరణించాక సింహాసనమెక్కిన బహాదుర్ షా, హైదరాబాదులో స్వతంత్రం ప్రకటించుకొన్న తమ్ముడు కాంబక్ష్‌ను అణచడానికి దక్షిణాదికి కదిలాడు. గురువు కూడా ఆ ప్రయాణంలో దక్కనుకు వచ్చి, 1708లో నాందేడ్ వద్ద ఆగిపోయాడు. బహాదుర్ షా మాత్రం ముందుకు సాగి, 1709 ఆరంభంలో హైదరాబాదు చెంత తమ్ముణ్ణి ఓడించాడు.

నాందేడ్‌లో గోదావరి తీరాన గురువు మాధోదాస్ అనే బైరాగిని కలిశాడు. అతడే బందా సింగ్ బహాదుర్‌గా మారి, పంజాబుకు తరలి, 1710లో సర్‌హింద్‌ను జయించాడు. ఆ విజయాన్ని చూడడానికి గురువు లేడు. హంతకుల కత్తిపోట్లకు గురై 1708 అక్టోబరు 7న ఆయన నాందేడ్‌లోనే కన్నుమూశాడు. అంతకుముందే, ఇక మీదట మానవగురువు ఉండడని, గ్రంథ్ సాహిబే శాశ్వతగురువని ప్రకటించాడు. సిక్కులకు అధికారపీఠాలైన అయిదు తఖ్త్‌లలో హజూర్ సాహిబ్ ఒకటి కావడానికి కారణమిదే. 2008లో ఆ గురుత్వప్రదానానికి మూడువందల ఏళ్ళు నిండిన సందర్భంలో నాందేడ్‌లో బ్రహ్మాండమైన ఉత్సవాలు జరిగాయి.

లాహోరీ ఫౌజు

నేడు మనం చూసే హజూర్ సాహిబ్ మందిరాన్ని పంజాబు మహారాజు రంజిత్ సింగ్ 1832, 1837 సంవత్సరాల మధ్య నిర్మింపజేశాడు. అప్పటికి నాందేడ్ నిజాం రాజ్యంలోనిది. ఆ రోజులలోనే, నిజాం కొలువులో సర్వాధికారం చెలాయించిన మహారాజా చందూలాల్ చొరవతో, రంజిత్ సింగ్ పంపిన సిక్కు సైనికులు హైదరాబాదుకు తరలివచ్చారు. లాహోరు నుంచి వచ్చారు గనుక వారికి 'లాహోరీ ఫౌజు' అని పేరు. ఖజానాలకు కాపలా, పన్నుల వసూళ్ళకు రక్షణ, తిరుగుబాట్ల అణచివేత వారి బాధ్యతలు. హైదరాబాదులో అత్తాపూర్ వైపున ఉన్న 'సిక్కు ఛావనీ' అనే పేట పేరు ఆ పౌఁజు విడిదికి గుర్తుగా మిగిలి ఉన్నది.

వారు తిరిగి పంజాబు వెళ్ళలేదు. దక్కనులోనే పెళ్ళిళ్ళు చేసుకొని, ఇళ్ళు కట్టుకొని, 'దక్కనీ సిక్కులు' అయ్యారు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బజారులో తెలుగు, గురుద్వారాలో గురుముఖీ, ఇలా మూడు భాషలు నాలుకమీద ఆడే సమాజం అది. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైన తర్వాత ప్రాత సంస్థాన దళాలకు చోటు లేకపోయింది. తరాలుగా సిపాయిగిరీ తప్ప మరొకటి ఎరుగని కుటుంబాలు చిన్న వ్యాపారాలు, వాహనాల నడక, గుమస్తా ఉద్యోగాలు వెతుక్కోవలసి వచ్చింది. వృత్తిగా ఉన్న ఆయుధం వారికి పండుగలో మాత్రమే మిగిలింది.

నాందేడ్ కూడా 1956లో భాషాప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు హైదరాబాదు నుంచి విడిపోయి బొంబాయి రాష్ట్రంలో, 1960లో మహారాష్ట్రలో చేరింది. గమనింపదగిన విషయమేమిటంటే, హజూర్ సాహిబ్ పాలనకు సంబంధించిన 1956 నాటి శాసనం హైదరాబాదు రాష్ట్ర శాసనసభ చేసినదే. రాష్ట్రాల సరిహద్దులు మారినా దక్కనీ సిక్కులకు హల్లా ఊరేగింపు తమ ఇంటి పండుగగానే నిలిచింది.

పంజాబులో చాలాచోట్ల కనుమరుగైన కొన్ని ఆచారాలు ఇక్కడ నిలిచి ఉన్నాయి. ఆయుధాల పట్ల చూపే భక్తి వాటిలో ప్రధానమైనది. హజూర్ సాహిబ్‌లో ప్రాచీనమైన ఖడ్గాలను, బాణాలను, చక్రాలను పూజనీయవస్తువులుగా భద్రపరిచారు. దీపావళికి ముందు జరిగే 'తఖ్త్ ఇష్నాన్' నాడు భక్తులు గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు మోసుకువచ్చి మందిరాన్ని కడుగుతారు. ఆ శస్త్రాలను కూడా అప్పుడే శుభ్రపరుస్తారు. ఆయుధపూజ ఎరిగిన మనకు ఈ ఆచారం కొత్తగా తోచదు. ఆ గోదావరే దిగువకు సాగి, కందకుర్తి వద్ద తెలుగునేలలో ప్రవేశించి, బాసర సరస్వతీ సన్నిధిని తాకుతూ పోతుంది.

కొలిమి దగ్గరివారు

ఖడ్గాన్ని కొనియాడే వేళ ఖడ్గాన్ని చేసినవారిని మరచిపోవడం లోకరీతి. గురువుల కాలం నుంచి సిక్కు సేనలకు కత్తులు, బల్లెములు, డాళ్ళు చేసి, సానపట్టి, మెరుగుపెట్టిన కమ్మరులు సిక్లీగర్లు. లోహానికి మెరుగుపెట్టడం అనే అర్థమున్న 'సైకల్' నుంచి ఆ పేరు పుట్టింది. సైన్యాల వెంట వారూ దేశమంతటా తిరిగారు. దక్కనులోనూ స్థిరపడ్డారు.

బ్రిటిష్ పాలకులు 1878లో తెచ్చిన ఆయుధాల చట్టంతో లైసెన్సు లేనిదే ఆయుధాలు తయారుచేయడం, అమ్మడం నేరమైంది. ఒక్క కలంపోటుతో వారి కులవిద్య చట్టవిరుద్ధమైపోయింది. ఒకప్పుడు ఖడ్గం చేసిన చేతులు తాళంకప్పలు, చాకులు, బకెట్లు, పెనాలు చేసి వీధివీధికీ తిరిగి అమ్మవలసి వచ్చింది. కొలిమి వెలిగితేనే ఆ పూట పొయ్యి వెలిగే కుటుంబాలు అనేకం. దక్కనులోని సిక్కు సమాజాలపై అధ్యయనం చేసిన ఆచార్య బీరిందర్‌పాల్ సింగ్ 2018లో ప్రచురించిన గ్రంథంలో దక్కనీ సిక్కులతో పాటు వీరి జీవితాన్ని కూడా విపులంగా పరిశీలించాడు. ఉత్సవం నాడు ఎండలో తళుక్కుమనే ప్రతి కత్తి వెనుక ఈ కమ్మరి చరిత్ర ఉన్నది. పండుగ ఘనతను కొలిచే వేళ వారి బాగోగులను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

హద్దు దాటిన రోజు

ఇంతటి సంప్రదాయానికి పరీక్ష 2021లో ఎదురైంది. ఆ సంవత్సరం మార్చి 29న హోలా మొహల్లా వచ్చింది. మహారాష్ట్రలో కరోనా రెండవ విడత విజృంభిస్తున్నది. జనం గుమిగూడడం ప్రమాదమని అధికారులు ఊరేగింపునకు అనుమతి నిరాకరించారు. కార్యక్రమాన్ని గురుద్వారా ప్రాంగణానికే పరిమితం చేస్తామని నిర్వాహకులు ఒప్పుకొన్నారు. కాని ఆ సాయంత్రం నిశాన్ సాహిబ్ ద్వారం వద్దకు చేరేసరికి వందలాదిమంది యువకులు అడ్డుకట్టలను తోసుకొని బయటికి దూసుకువచ్చారు. పోలీసులపై దాడి జరిగింది. కనీసం నలుగురు పోలీసులు గాయపడ్డారు. వాహనాలు ధ్వంసమయ్యాయి. కేసులు నమోదయ్యాయి. కత్తులు ఝళిపిస్తూ పరుగెడుతున్న మనుషుల దృశ్యాలు దేశమంతటా టెలివిజన్ తెరలమీద కనిపించాయి.

ఆ దృశ్యాలు చూసిన వారిలో కొందరు పండుగనే తప్పుపట్టారు. మరికొందరు, తరాలుగా ఆగని ఊరేగింపును ఆపడమే తప్పన్నారు. రెండు వాదాలలోనూ ముఖ్యమైన విషయం ఒకటి జారిపోయింది. హల్లాలో శత్రువు ఉండడు. ఎదుట ఖాళీ వీధి ఉండడమే ఆ క్రీడకు ఆధారం. ఆ చోట ఒక మనిషి, అదీ రోగం ప్రబలకుండా కాపలా కాస్తున్న ఉద్యోగి, నిలబడిన మరుక్షణం అది క్రీడ కాకుండాపోతుంది. భాయి కన్హయ్య కథను విని పెరిగినవారికి ఈ సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు. గాయపడిన శత్రువుకే నీళ్ళు పోయమన్న సంప్రదాయంలో, శత్రువు కానివాణ్ణి గాయపరచడానికి సమర్థన దొరకదు.

అయితే ఒక్క సాయంత్రపు ఉద్రేకంతో మూడువందల ఏళ్ళ ఆచారాన్ని తూచడం న్యాయం కాదు. అంతకుముందూ ఆ తరువాతా ఎన్నో ఏళ్ళు అదే వీధులలో అవే కత్తులు లేచి, శాంతంగా ఒరలకు చేరాయి. వీధిలో పోలీసు కాపలా ఉన్నందువల్లనే అలా జరిగిందనుకోవడం పొరపాటు. కత్తి పట్టిన వానికి చిన్ననాటి నుంచీ కలిగిన శిక్షణలోనే అందుకు కారణం వెతకాలి.

కర్ర నేర్పే పాఠం

ఆ శిక్షణ పేరు 'గత్కా'. మన కర్రసాము, కత్తిసాములకు ఇది దగ్గరి చుట్టం. విజయనగరం ప్రాంతపు గరిడీలు, తెలంగాణ పట్టణాలలోని తాలీంఖానాలు ఎరిగిన తెలుగువారికి గత్కా అఖాడా వాతావరణం తెలిసినట్లే ఉంటుంది. మొదట శస్త్రాలకు నమస్కారం. తరువాత అడుగులు వేయడం. కాళ్ళు కుదిరేవరకు చేతికి కర్ర ఇవ్వరు. కర్రతో పట్టు కుదిరేవరకు కత్తి ఇవ్వరు. తోలు పిడి తొడిగిన బెత్తంకర్ర కుడిచేత, చిన్న గుండ్రని డాలు ఎడమచేత పట్టి, ఎదుటివాని ఊపును కనిపెడుతూ చుట్టూ తిరగాలి. దెబ్బ ఎంత వేగంగా వేసినా ప్రత్యర్థి ఒంటికి అంగుళం దూరంలో ఆపగలిగినవాడే నేర్పరి అనిపించుకుంటాడు. ఆట ముగిశాక ఇద్దరూ మళ్ళీ శస్త్రాలకు, ఒకరికొకరు నమస్కరించుకుంటారు.

ఈ విద్య ఇప్పుడు పండుగ మైదానం దాటి వచ్చింది. 2022 జూన్‌లో హర్యానాలో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడలలో కేరళ కలరిపయట్టు, మణిపురి థాంగ్‌టా, మల్లఖంబలతో పాటు గత్కాకు కూడా స్థానం లభించింది. అమ్మాయిలు సల్వారు కమీజులతో, తలపాగాలతో బరిలోకి దిగి అబ్బాయిలకు దీటుగా కర్ర తిప్పుతున్నారు. క్రీడగా మారితే పవిత్రత తగ్గుతుందేమోనని పాతకాలపు ఉస్తాదులలో కొందరికి శంక. పోటీల నిబంధనలు, పాయింట్లు వచ్చాక కొత్తవారు నేర్చుకోవడానికి ముందుకు వస్తారని మరికొందరి ఆశ. రెండింటిలోనూ నిజం ఉంది.

పంజాబుకు దూరంగా బతుకుతున్న సిక్కులకు ఈ విద్య అవసరం మరింత ఎక్కువ. రాయపూర్, విశాఖపట్టణం, హైదరాబాదు వంటి నగరాలలో గురుద్వారాలు ఉన్నాయి. వాటి చుట్టూ తరాలుగా స్థిరపడిన కుటుంబాలు ఉన్నాయి. అక్కడి పిల్లలు బడిలో హిందీనో తెలుగునో చదువుకుంటారు. తోటివారితో కలిసి హోళీ ఆడతారు. ఆనందపూర్ కోటలు వారికి బొమ్మలలో చూసినవే. తాము ఎవరో, తమ తలపాగా వెనుక ఏ కథ ఉన్నదో వారికి చెప్పడానికి పెద్దలవద్ద ఉన్న సాధనాలలో కర్రసాము ఒకటి. పుస్తకం చదవడానికి బద్ధకించే పిల్లవాడు కూడా కర్ర తిప్పడానికి తెల్లవారుజామునే లేస్తాడు. ఆ ఉత్సాహాన్ని పట్టుకొని, దానితో పాటు నమస్కారాన్ని, నిగ్రహాన్ని, వరుసలో కూర్చొని అన్నం తినడాన్ని నేర్పగలిగితే గురువు ఉద్దేశించిన పాఠం పూర్తిగా అందినట్లే.

హోలా మొహల్లా నాడు కత్తుల మెరుపును ఫొటోలు తీసేవారు వేలమంది ఉంటారు. ఆ తరువాతి ఘట్టాన్ని చూసేవారు తక్కువ. లంగరులో గుండిగలు దించుతారు. పగలంతా కత్తి పట్టినవారిలోనే కొందరు చేతులు కడుక్కొని, రొట్టెల బుట్టలు ఎత్తుకొని పంక్తుల మధ్య నడుస్తారు. ముందు కూర్చున్నది ఎవరో అడగరు. వంగి రెండు చేతులతో రొట్టె అందిస్తారు. ఆ సమయానికి కత్తి నడుమునే ఉంటుంది, ఒరలో.